చెట్టును కొలిచాకే ఇంటి ప్లాను

(ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకులో పనిచేసిన వాణ్ణి కనుక పొదుపు గురించి రెండు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఆ విషయం మీ ఇళ్లలో పెద్దలు రోజూ చెబుతూనే ఉంటారు. అందుచేత ఆయన అనుమతితో ఇల్లు కట్టుకోవడం గురించి, ముఖ్యంగా సైటులో ముందునుంచీ ఉన్న చెట్లను ఉంచుకొని కట్టుకోవడం గురించి మాట్లాడతాను. నేను ఇంజనీరును కాను, బి.కాం. చదివినవాణ్ణి. అయితే చాలా ఏళ్లు గృహ రుణాల విభాగంలో గుమాస్తాగా కూర్చున్నాను. వందలకొద్దీ ఎస్టిమేట్లు నా చేతిమీదుగా వెళ్లాయి. వాటిలో మొదటి పద్దు దాదాపు ఎప్పుడూ ఒకటే: "సైటు శుభ్రము చేయుట, చెట్లు కొట్టుట సహా." ఆ పద్దుకు ఎదురుగా కూలి ఖర్చు రాసి ఉండేది. కొట్టేసే చెట్టు విలువ ఎంత అన్నది ఏ ఎస్టిమేటులోనూ నాకు కనబడలేదు. కట్టెల ధర మాత్రం కొందరు రాసి, ఖర్చులోంచి తీసివేసేవారు.

ఈ సంగతి ఇప్పుడే ఎందుకంటే, మన కుటుంబాల్లో చాలామందికి ఇది వచ్చే నాలుగైదేళ్లలో ఎదురయ్యేదే. తాతలనాటి మట్టి మిద్దెలు పడిపోతున్నాయి. అదే జాగాలో పిల్లల చదువులు ఒక కొలిక్కి రాగానే కొత్త ఇల్లు కట్టాలని ప్రతి తల్లీ తండ్రీ అనుకుంటున్నారు. ఆ జాగాల్లో వేపో, కానుగో, చింతో ఉంటుంది. ఉంచాలా, కొట్టాలా అన్నది ముగ్గు పోసే రోజు పొద్దున మేస్త్రీ నిలబడి తేల్చేస్తాడు. ఇంటివాళ్లు తలాడిస్తారు. నలభై యాభై ఏళ్లపాటు ఆ ఇంట్లో ఎలా బతకాలన్నది ఆ పది నిమిషాల్లో తేలిపోతుంది.

మన బళ్లారి ఎండ గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ దాని లెక్క చెబుతాను. మనం భూమధ్యరేఖకు ఉత్తరాన 15 డిగ్రీల దగ్గర ఉన్నాం. అందువల్ల మే మొదట్లో ఒకసారి, మళ్లీ ఆగస్టు రెండో వారంలో ఒకసారి సూర్యుడు మన నడినెత్తి మీదికి వస్తాడు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండ గోడలకంటే మిద్దె మీదే ఎక్కువ పడుతుంది. చదరపు మీటరు మీద పడే ఆ వేడి సుమారు 1000 వాట్లు. మన ఇస్త్రీ పెట్టె కూడా దాదాపు అంతే. 10 అడుగులకు 12 అడుగుల గది అంటే 11 చదరపు మీటర్ల పైకప్పు. పదకొండు ఇస్త్రీ పెట్టెలు స్లాబు మీద బోర్లించి పెట్టారనుకోండి. ఆ వేడి అంతా లోపలికి రాదు, కొంత గాలికి పోతుంది. మిగిలింది మాత్రం కాంక్రీటు తాగి కూర్చొని, సాయంత్రం ఏడు నుంచి అర్ధరాత్రి దాకా కిందికి వదులుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడి గాలే తిరుగుతుంది. ఇక్కడ కూర్చున్న పిల్లల్లో ఎంతమంది మార్చిలో ఎస్.ఎస్.ఎల్.సి., పి.యు.సి. పరీక్షలకు అలాంటి గదిలో, కరెంటు పోతే పుస్తకంతోనే విసురుకుంటూ చదివారో వారికే తెలుసు. పాత మట్టి మిద్దెలో మందపాటి గోడలు, పైన చౌడు మట్టి ఉండేవి కనుక వేడి లోపలికి దిగేసరికి పొద్దు గుంకేది. నాలుగున్నర అంగుళాల స్లాబుకు ఆ ఓపిక లేదు.

ఇక ఒక ఇంటి సంగతి చెబుతాను. మా అన్నయ్య కొడుకు కట్టుకున్న ఇల్లు. 40 అడుగులకు 60 అడుగుల సైటు, తూర్పున రోడ్డు. వెనక పడమటి వైపు పెద్ద వేప. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసేనాటికే ఆ వేప మనిషి ఎత్తు దాటిందని మా నాయన చెప్పేవారు. వాయవ్య మూల ఒక కానుగ. ఈశాన్యంలో ప్రహరీ గోడ పగులులోంచి పుట్టిన రావి మొక్క, జానెడు మందం. ముందుగా వచ్చిన మేస్త్రీ, "మూడూ తీసేద్దాం సార్, ప్లాను చక్కగా నలుచదరంగా వస్తుంది" అన్నాడు. మావాడు నా దగ్గరకు వచ్చి, "చిన్నాన్నా, అవ్వ ఒప్పుకోవడం లేదు, ఆ చెట్టు కింద మంచం తీసేస్తే తాను ఎక్కడ పడుకోవాలంటోంది. ఏం చేయమంటావు?" అన్నాడు. నేను అన్నది ఒక్కటే. ముందు చెట్టును కొలువు, తర్వాత ఇల్లు గియ్యి.

చెట్టును కొలవడమంటే ఎత్తు కాదు. మన గుండె ఎత్తున, అంటే నేలనుంచి నాలుగున్నర అడుగుల దగ్గర, మాను చుట్టూ టేపు పెట్టి చుట్టుకొలత తీయాలి. దాన్ని 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. అడ్డుకొలతకు పన్నెండు రెట్లు దూరం వరకు చుట్టూ ఉన్న నేలను ముట్టుకోకుండా ఉంటే చెట్టు క్షేమం. చెట్ల నిపుణులు వాడే లెక్క ఇది. మావాడి వేప చుట్టుకొలత 6 అడుగులు, అడ్డుకొలత రెండడుగులకు కాస్త తక్కువ. పన్నెండు రెట్లు అంటే 23 అడుగులు. 40 అడుగుల సైటులో 23 అడుగుల వ్యాసార్ధమంటే ఇక ఇల్లు ఆకాశంలో కట్టుకోవాల్సిందే. అప్పుడేం చేయాలి? ఒక వైపు వేళ్లు కొంత పోయినా ఆరోగ్యంగా ఉన్న చెట్టు తట్టుకుంటుంది. నాలుగు వైపులా కోస్తే తట్టుకోదు. కనుక ఇల్లు చెట్టుకు ఒకటి రెండు వైపులే రావాలి, ఆ వైపున కూడా కందకం తవ్వకూడదు. చాలామంది వేళ్లంటే బావిలాగా లోతుకు పోతాయని అనుకుంటారు. చెట్టుకు అన్నం పెట్టే సన్నవేళ్లలో ఎక్కువ భాగం పైనున్న రెండు మూడడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పరుచుకొని ఉంటాయి. మామూలు పునాది కందకం సరిగ్గా వాటినే తెగ్గొడుతుంది.

ఇక్కడ మన నేల సంగతి రావాలి. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చేయి పట్టేంత పగుళ్లు తీస్తుంది. ఈ ఉబ్బడం, కుంగడం వల్లే మన ఊళ్లో కట్టిన మూడేళ్లకే గోడలకు ఏటవాలు పగుళ్లు వస్తాయి. ఈ నేలల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు దశాబ్దాల క్రితమే ఒక పునాదిని తీర్చిదిద్దారు. అండర్ రీమ్డ్ పైల్ అంటారు. కందకం తవ్వరు. బరమాతో నేలలోకి సన్నటి గుంత తోడతారు, అడుగున దాన్ని చెంబు ఆకారంలో వెడల్పు చేస్తారు, కమ్మీ దింపి కాంక్రీటు పోస్తారు. మన నేలల్లో ఎండావానలకు తేమ మారేది సుమారు మూడున్నర మీటర్ల లోతువరకు. పైల్ ఆ లోతు దాటి నిలుస్తుంది కనుక పైన మట్టి ఏమైనా ఇల్లు కదలదు. పైల్స్ తలల మీద బీము వేస్తారు. ఆ బీముకూ నేలకూ మధ్య మూడు అంగుళాలకు పైగా ఖాళీ వదలాలి, మట్టి ఉబ్బినా బీమును ఎత్తకుండా.

నల్లరేగడి కోసం కనిపెట్టిన ఈ పునాదే చెట్టుకూ అచ్చంగా సరిపోతుంది. వేళ్లు బీము కింద ఖాళీలోంచి హాయిగా పోతాయి. గుంత తోడేచోట లావు వేరు తగిలితే అడుగు పక్కకు జరుపుకోవచ్చు. కందకాన్ని అలా జరపలేం. మావాడి ఇంట్లో వేప వైపు గోడ మాను నుంచి 12 అడుగుల దూరంలో వచ్చింది. ఆ గోడ కింద ఐదు పైల్స్. చెట్టు దగ్గర నేల మరింత లోతుగా ఎండుతుంది కనుక ఇంజనీరుగారు ఆ ఐదింటి లోతు పెంచారు. ఖర్చు విషయంలో, నల్లరేగడి అంతా తవ్విపోసి మొరం నింపే పద్ధతితో పోలిస్తే ఇది ఎక్కువ కానక్కర్లేదు. రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. మేస్త్రీకి అలవాటు లేదన్న కారణంతో మాత్రం వద్దనవద్దు.

"చెట్టు ఉంటే గోడలు పగులుతాయి, కొట్టేస్తే పీడ పోతుంది" అని మన పెద్దల్లోనే చాలామంది అంటారు. అందులో సగమే నిజం. పెద్ద చెట్టు ఎండాకాలంలో చుట్టూ ఉన్న బంకమట్టిలోంచి నీటిని లాగుతుంది, నేల కుంగుతుంది, నిజమే. కానీ ముప్పై నలభై ఏళ్లు నీళ్లు లాగిన చెట్టును ఒక్కసారి కొట్టేస్తే ఏమవుతుంది? లాగేవాడు లేక ఆ మట్టి మళ్లీ తేమ పట్టి మెల్లమెల్లగా ఉబ్బుతుంది. ఒక్క వానకు కాదు, కొన్నేళ్లపాటు. చెట్టు కొట్టిన మరుసటి నెలలో దాని మీదే మామూలు పునాది వేసి ఇల్లు కడితే, ఆ ఉబ్బు గచ్చును ఎత్తుతుంది, గోడను చీలుస్తుంది. దానికి తోడు నేలలో మిగిలిపోయిన మొద్దు, వేళ్లు చెదపురుగులకు విందు. కనుక నల్లరేగడిలో కొట్టినా పైల్ పునాదే మేలు, ఉంచినా అదే మేలు. అలాంటప్పుడు ఉంచడానికేం?

అన్ని చెట్లనూ ఉంచమని నేను చెప్పడం లేదు. ఆ రావి మొక్కను మావాడు వానాకాలంలో వేళ్లతో సహా తీయించి ఊరి బయట గుడి దగ్గర నాటించాడు. రావి, మర్రి, జువ్వి గోడల పగుళ్లలో దూరి ఇటుకలను విడదీస్తాయి. ఇంటికి ఆనుకొని అవి పనికిరావు, ఎంత పవిత్రమైనా సరే. ఎర్రతురాయి అందంగా పూస్తుంది గానీ కొమ్మలు పెళుసు, గాలివానకు విరుగుతాయి. మోడువారిన కొమ్మలు, మానులో తొర్ర, ఒక పక్కకు ఒరగడం ఉంటే తెలిసినవారికి చూపించాలి. వేప, కానుగ, చింత, మామిడి, నేరేడు ఆరోగ్యంగా ఉంటే మాత్రం ముందు వాటిని కాగితం మీద గీసి, తర్వాతే గదులు గీయండి. ఇంకో మాట, పట్టణాల్లో మన సొంత సైటులో చెట్టయినా కొట్టడానికి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం, 1976 ప్రకారం చెట్ల అధికారి అనుమతి కావాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది గానీ వేపకు లేదనే లెక్కతోనే అర్జీ పెట్టుకోండి. ముగ్గు పోసే రోజు పొద్దున తేల్చేయడానికి చట్టం కూడా ఒప్పుకోదు.

ప్లాను చివరికి ఎలా వచ్చిందంటే, నలుచదరం పోయి, కట్టెకోల ఆకారంలో వచ్చింది. రోడ్డు వైపు హాలు, రెండు పడకగదులు. ఉత్తరపు వైపు పడమటికి సాగిన ఒక పొడుగాటి గది, పిల్లల చదువుకు. ఈ రెంటి మధ్య మిగిలిన నైరుతి జాగా వేపకు, అవ్వ మంచానికి. మేస్త్రీ మొదటి ప్లాను కంటే దాదాపు 200 చదరపు అడుగులు తగ్గింది. మావాడి భార్యకు మొదట అది కష్టంగానే తోచింది. ఆ అమ్మాయి మాట కొట్టిపారేయదగ్గది కాదు, స్టోరు గది పోయింది మరి. వాస్తు చూసిన పెద్దాయన మాత్రం దక్షిణ పడమరల్లో పెద్ద చెట్లుండటం మంచిదేనని ఒక్క మాటలో తేల్చేశారు. ఆ రోజు ఇంట్లో సగం వాదన తగ్గింది.

పడమర గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన ఊరి వేసవిలో సాయంత్రం నాలుగింటి ఎండ నిటారుగా పడమటి నుంచి కాదు, కొద్దిగా ఉత్తరానికి జరిగి వస్తుంది. అది కిందికి వాలి వస్తుంది కనుక సజ్జ దాన్ని ఆపలేదు. సజ్జ ఆపేది నెత్తి మీద ఎండను. వాలిన ఎండను ఆపగలిగేది ఎదురుగా నిలబడే వస్తువే. వేప పడమటి గోడను, వాయవ్యపు కానుగ చదువు గది గోడను కాపాడతాయి. కానుగ ఆకు రాల్చి మళ్లీ లేత ఆకు వేసేది ఎండలు ముదిరే ముందే. వేప కూడా అంతే. కాబట్టి మే నెలకు రెంటికీ నిండుగా నీడ ఉంటుంది. దక్షిణపు గోడకు మన దగ్గర వేసవిలో ఎండ దాదాపు పడదు. అక్కడ ఎండ పడేది చలికాలంలో, అది మనకు హాయే. ఈ సంగతి తెలియక దక్షిణాన పందిళ్లు వేసి, పడమటి గోడంతా అద్దాలు పెట్టే ఎలివేషన్లు ఈమధ్య చూస్తున్నాను. ఫొటోకు బాగుంటాయి.

చెట్టు నీడ ఇవ్వడమే కాదు, నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. దీని లెక్క నాకు చాలా ఇష్టం. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి కరెంటు లెక్కలో సుమారు 0.68 యూనిట్ల వేడి పడుతుంది. చెట్టు రోజుకు 50 లీటర్లు ఆవిరి చేసిందనుకుందాం. 34 యూనిట్ల వేడి లాక్కుంది. ఒక టన్ను ఎ.సి. గంటకు లాగే వేడి మూడున్నర యూనిట్లు. అంటే దాదాపు పది గంటల ఎ.సి. పని. అయితే ఇదంతా మన ఖాతాకు జమ అవుతుందనుకోకండి. ఎ.సి. చల్లదనం మూసిన గదిలో నిలుస్తుంది, చెట్టు చల్లదనం గాలితో పాటు పక్కింటికీ వీధికీ పోతుంది. నేలలో తేమ లేకపోతే చెట్టు కూడా ఆకుల రంధ్రాలు మూసుకొని ఆవిరి తగ్గించేస్తుంది. మన జమకు గట్టిగా వచ్చేది నీడ. మిగతాది కొసరు.

రాత్రుల సంగతి దీనికి తిరగబడుతుంది. పగలు నేలను, మిద్దెను కాపాడిన ఆకులే రాత్రి ఆ వేడి ఆకాశంలోకి పోకుండా కొంత అడ్డుపడతాయి. అందుకే అవ్వ మధ్యాహ్నం వేప కిందా, తెల్లవారుజామున మిద్దె మీదా పడుకుంటుంది. ఏ పుస్తకం చదవకుండానే ఆమెకు తెలుసు. కాబట్టి కొమ్మలు మిద్దె మొత్తాన్ని కప్పేయాలని కోరుకోకండి. తూర్పు సగం తెరిచి ఉంచాలి. సున్నం కొట్టి తెల్లగా పెట్టుకుంటే ఆ సగం స్లాబు కూడా వేడి తక్కువ తాగుతుంది. సోలార్ పలకలు పెట్టుకునే ఆలోచన ఉంటే ఆ తెరిచిన సగమే వాటి చోటు. ఒక్క కొమ్మ నీడ పడినా వాటి ఉత్పత్తి బాగా పడిపోతుంది. 2024లో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ప్రకటించారు కనుక ఈ సంగతి ప్లాను వేసేటప్పుడే ఆలోచించుకోవాలి. కిటికీల విషయం చిన్నదే. పగలు పదకొండు నుంచి అయిదు దాకా మూసి, రాత్రంతా తెరిచి పెట్టండి. దొంగల భయానికి ఇనుప జాలీ, దోమల భయానికి తెర.

ఇప్పుడు అసలు ప్రమాదం చెబుతాను. ప్లానులో ఉంచిన చెట్లు ఇల్లు పూర్తయ్యేసరికి, లేదా ఆ తర్వాత రెండేళ్లలో చచ్చిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. "ఏమో సార్, ఉంచాం గానీ ఎండిపోయింది" అంటారు. ఊరికే ఎండదు. పనివాళ్లు ఎండకు ఆగలేక సిమెంటు మాలు కలిపేది ఎక్కడ? చెట్టు నీడలోనే. గమేళాలు, పారలు కడిగిన నీళ్లు పోసేది మాను మొదట్లోనే. సిమెంటు నీళ్లు క్షారం. నేల స్వభావాన్నే మార్చేసి వేళ్లను చంపుతాయి. ఇసుక, కంకర లారీ వచ్చి పోసేదీ ఆ నీడలోనే. లారీ బరువుకు నేల గట్టిపడి, వేళ్లకు గాలి ఆడదు. పునాదిలోంచి తీసిన మట్టిని మాను చుట్టూ అడుగు ఎత్తు పోసి చదును చేస్తారు. ఎంతో మేలు చేశామనుకుంటారు, కానీ వేళ్లు ఊపిరాడక చస్తాయి. ఇక సెంట్రింగు కర్రలకు అడ్డమొచ్చిందని పై కొమ్మలన్నీ మొండెంలా నరుకుతారు. చెట్టు వెంటనే చావదు కనుక ఎవరికీ తెలియదు. నిలవ ఉన్న బలంతో ఒకటి రెండేళ్లు చిగురిస్తుంది.

దీనికి మందు ఏమంత ఖరీదైనది కాదు. పని మొదలుకాకముందే, ముగ్గు పోయకముందే, చెట్టు చుట్టూ వీలైనంత దూరంలో వెదురు గడలతో దడి కట్టాలి. ఇల్లు పూర్తయ్యేదాకా దాన్ని తీయకూడదు. మాలు కలపడానికి వేరేచోట గోనెపట్టాల పందిరి వేసి ఇవ్వాలి. పనివాళ్లకూ నీడ కావాలి కదా, ఊరికే పొమ్మంటే ఎక్కడికి పోతారు? కోయవలసిన కొమ్మలను ముందే, పొడి రోజుల్లో, మానుకు దగ్గరగా కణుపు ఉబ్బు చెడకుండా కోయించాలి. మావాడి ఇంట్లో ఆ దడికి, పందిరికి కలిపి అయిన ఖర్చు గేటు రంగుల ఖర్చుకంటే తక్కువ. ఆ దడి దాటకుండా ఎవరు కాపలా కాశారో చెప్పనక్కర్లేదు, అవ్వ మంచం దడి లోపలే ఉంది.

నేల మిగిలినచోట సిమెంటు గచ్చు చేయకండి. చెట్టు కింద బండలు పరచాలనుకుంటే ఇసుక మీద, సందులు వదిలి పరచండి. తాడిపత్రి, షాబాదు బండలు మనకు దగ్గరే. మన ఊళ్లో ఏడాదికి వాన సుమారు 50 సెంటీమీటర్లు. 100 చదరపు మీటర్ల మిద్దె మీద అది 50,000 లీటర్లు. అయిదో వంతు పోయినా 40,000 మిగులుతాయి. దాన్ని మురుగు కాలువలోకి వదలకుండా, గోడకు దూరంగా ఇంకుడు గుంతలోకి మళ్లిస్తే వేప వేసవిలో తడి వెతుక్కుంటూ మన పునాది వైపు రానక్కర్లేదు. సెప్టిక్ ట్యాంకు, మురుగు పైపులు మాత్రం చెట్టుకు అవతలి వైపు పెట్టుకోవాలి. కారే అతుకును వేరు తప్పకుండా కనిపెడుతుంది.

చెట్టును ఉంచి కట్టడం కొత్త ఆలోచన అని మేస్త్రీలెవరైనా అంటే వారికి తిరువనంతపురం సంగతి చెప్పండి. అక్కడి సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ భవనాలను లారీ బేకర్ 1970ల్లో కట్టారు. గోడలు చెట్లను తప్పుకుంటూ వంపులు తిరిగి పోతాయి. ఇటుకల మధ్య ఖాళీ వదిలి కట్టే గోడ, పెంకులు పొదిగిన స్లాబు ఆయన ప్రచారం చేసినవే. అలాంటి గోడకు ఇటుక సుమారు నాలుగోవంతు ఆదా. మధ్యనున్న గాలి వేడిని కూడా కొంత ఆపుతుంది. మావాడు పడమటి గోడ ఒక్కటే అలా కట్టించాడు. మేస్త్రీకి రెండు రోజులు నేర్పవలసి వచ్చింది, మూడో రోజు నుంచి తనే ఇతరులకు చూపించాడు.

ఈ సంచిక యానాంకు, బరంపురానికి, మద్రాసుకు కూడా వెళుతుంది కనుక అక్కడి వారికి ఒక మాట. మీ వేడి వేరు, మీది చెమట. గాలిలో తేమ ఉన్నచోట ఆవిరి చల్లదనం పెద్దగా అందదు. మీకు కావలసింది నీడ, దానితో పాటు గదిలోంచి దూసుకుపోయే గాలి. సముద్రపు గాలి వచ్చే వైపు దట్టమైన చెట్టు అడ్డం పెట్టుకోకండి. తుపాను సంగతి మీకు తెలుసు. 1996 నవంబరులో యానాం, 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు బరంపురం, 2016లో వర్దాకు మద్రాసు, ఎన్ని చెట్లు కూలాయో చూశారు. వేళ్లు కోసిన చెట్టే ముందు పడుతుంది. కాబట్టి మీ దగ్గర ఆ పన్నెండు రెట్ల లెక్కను ఇంకా గట్టిగా పాటించాలి. ప్రతి ఏడాదీ తుపానుల కాలానికి ముందే ఎండు కొమ్మలు తీయించాలి. ఇంటిమీదికి ఒరిగిన పెద్ద మానును ప్రేమ కొద్దీ ఉంచుకోవడం నేను చెప్పలేను.

ఇబ్బందులు లేవా? ఉన్నాయి. ఆకురాలు కాలంలో రోజుకు రెండుసార్లు ఊడవాలి. మిద్దె మీద నీటి గొట్టాల మూతికి జాలీ పెట్టకపోతే మొదటి వానకే ఆకు అడ్డుపడి మిద్దె చెరువవుతుంది. కాకుల గోల ఉంటుంది. పక్కింటివాళ్ల వాకిట్లో పడే ఆకు గురించి మావాడికీ వాళ్లకీ ఒకసారి మాటలు కూడా పెరిగాయి. చివరికి అవ్వ వేపపూత సమయంలో ఆ ఇంటికి చాటెడు పూత పంపడం మొదలుపెట్టాక సద్దుమణిగింది, అప్పుడప్పుడు మళ్లీ లేస్తుంటుంది. రుణం ఇచ్చే బ్యాంకు చెట్టుకు పైసా విలువ కట్టదు. తగ్గిన 200 అడుగులకు మాత్రం విలువ తగ్గిస్తుంది. ఇవన్నీ తెలిసే నిర్ణయం తీసుకోవాలి.

విద్యార్థులకు ఒక చిన్న పని చెబుతాను. మీలో పాలిటెక్నిక్‌లో సివిల్ చదివేవారు ఉన్నారు, ఆర్కిటెక్చరు చేరబోయే ఒక అమ్మాయి కూడా ఉందని విన్నాను. వచ్చే సెలవుల్లో మీ ఇంటి జాగాను, పక్కవాళ్లు ఒప్పుకుంటే వాళ్లదీ, కొలిచి కాగితం మీద గీయండి. హద్దులు, చెట్ల మాను చుట్టుకొలత, కొమ్మల విస్తీర్ణం, సాయంత్రం నాలుగింటికి నీడ ఎక్కడిదాకా పడుతోందో రాయండి. ఏప్రిల్‌లో ఒక రోజు, డిసెంబరులో ఒక రోజు. మిగతా కోర్సుల పిల్లలూ చేయవచ్చు, దీనికి టేపు, ఓపిక చాలు. ఆ కాగితం ఇంట్లో ఇనుప పెట్టెలో పట్టాతో పాటు దాచండి. మీ నాన్నగారు ఇంజనీరు దగ్గరకు వెళ్లే రోజున అది చేతిలో ఉంటే చాలు, మేస్త్రీ మొదటి గీత గీయకముందే చెట్టు ప్లానులో ఉంటుంది.

నా దగ్గర వంద అడుగుల టేపు ఒకటి ఉంది. కావలసినవారు కార్యదర్శిగారి దగ్గర పేరు రాసి పట్టుకెళ్లవచ్చు. తీసుకున్న తేదీ, తిరిగిచ్చే తేదీ రెండూ రాయాలి, అలవాటు కొద్దీ అడుగుతున్నాను. మీ జాగాల గురించి ప్రశ్నలుంటే భోజనాల దగ్గర కూర్చొని మాట్లాడుకుందాం.